మోచేత్తో నొక్కిన సోఫా

మా పిన్ని పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. జీడినూనె పట్టి ఆమె వేళ్ళు నల్లబడిపోయాయి. ఎక్కడికెళ్ళినా చేతులు కొంగులో దాచుకునేది.

తన ఊరు సోంపేటకి వెళ్ళే బస్సు తప్పిన రోజున మా ఇంట్లోనే చాప మీద పడుకునేది. పొద్దున్నే మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని లేస్తుంటే చూడలేక, ఆమె కోసమే సోఫా కమ్ బెడ్ కొందామని కొట్టుకి తీసుకెళ్ళాను.

“నొక్కి సూడు పిన్నీ, మెత్తగుందా?”

లేత గోధుమరంగు సోఫాని చేత్తో కాదు, మోచేత్తో నొక్కింది. “బాగుంది బాబూ. తొంగుంటే నడుం కుంగిపోదు” అని మురిసిపోయింది.

ఆ నలుపు చర్మంలోకి ఇంకిందే గానీ దేనికీ అంటదని పలాసలో పుట్టిన నాకు తెలీదా? అయినా నా నోరు ఊరుకోలేదు. “ముదురు రంగుది సూపించండి, మరకలు కనపడవు” అన్నాను కొట్టాయనతో.

పిన్ని కొంగు ఇంకాస్త బిగించుకుంది. “అదే మంచిది బాబూ” అంది.

ఆ తర్వాత కూడా బస్సు తప్పితే వచ్చేది. వస్తూనే చాప పరుచుకునేది. కొన్న ముదురు రంగు సోఫా చూపిస్తే, “నాకు నేలయితేనే నిద్దరొత్తాది” అనేది.

కొన్నాళ్ళకు పని మానేసి ఊళ్ళోనే ఉండిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ సోఫాని నిమిరి అడుగుతారు: “ఇన్నేళ్ళయినా కొత్తదానిలాగే ఉందేటి బావా, ఎక్కడ కొన్నావు?”