తాడు దాటొద్దు సార్

'లైన్' ఇంగ్లీషు మాట అని మా ఇంట్లో ఎవరూ అనుకోరు. కరెంటు పోతే లైన్ పోయిందంటారు. కేసముద్రంలో పట్టాలు దాటితే లైన్ దాటినట్టు. అమ్మ కుట్టే జాకెట్లకు లైనింగ్ వేస్తుంది. బస్టాండులో పోకిరీలు మాకు వేసేదీ లైనే. ఇక మా నాయనమ్మ, మేమందరం అవ్వ అని పిలిచే మనిషి, ఆ మాట లేకుండా వ్యవసాయమే చేయదు. కూలీకి వచ్చిన ఆడవాళ్లు మిరపనారు కాస్త వంకరగా పెట్టినా, లైన్‌లో పెట్టమని గట్టు మీద నుంచే కేకేస్తుంది.

నేను ఇంగ్లీషులో ఎమ్మే చేశాను. ఆ ఇంగ్లీషే పిల్లలకు చెప్పుకొని బతుకుదామనుకున్నాను. జనగామలో ఒక బడికి వెళ్లి డెమో క్లాసు చెప్పాను. అంతా విని, పాఠం బాగానే ఉంది కానీ మీ ఊరి యాస పోలేదమ్మా, తల్లిదండ్రులు ఒప్పుకోరు అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తల్లిదండ్రులు మాత్రం ఏ సముద్రం అవతల నుంచి దిగారట? అక్కడే అడగాల్సింది, అడగలేదు. రైల్లో ఇంటిదాకా ఆ ప్రశ్ననే నములుతూ వచ్చాను.

కొన్నాళ్లకు భూపాలపల్లిలోని ఇంకో బడి నుంచి పిలుపొచ్చింది. రోజూ వాడే ఇంగ్లీషు మాట ఒకటి ఎంచుకుని, దాని అర్థాలూ అది పుట్టిన తీరూ పిల్లలకు చెప్పాలట. ఇది కూడా పోతే బుద్ధిగా కుట్టుమిషను ముందు కూర్చోవాలని అమ్మ ముందే చెప్పేసింది.

అప్పుడు మిరప నాట్లు నడుస్తున్నాయి. మాది చిన్న చెలక. గుడ్డపీలికలు కట్టిన తాడును ఈ గట్టు నుంచి ఆ గట్టుకు బిగించి పట్టి, పీలిక పీలికకూ ఒక మొక్క పెడతారు. తాడు కొస ఎప్పుడూ అవ్వ చేతిలోనే. నన్ను ముట్టనిచ్చేది కాదు. నాది కోపం చెయ్యి అట, గుంజితే తెంపేస్తానట. నేను గట్టు మీద కూర్చుని ఫోన్లో నిఘంటువు తిరగేస్తూ 'లైన్' దగ్గర ఆగిపోయాను. లాటిన్ భాషలో అవిసె నారతో పేనిన దారానికి ఉన్న పేరు నుంచి వచ్చిన మాట అది. తిన్నని గీత కావాలంటే ఆ దారాన్ని బిగించి పట్టేవారు. దారం పేరు గీతకు వచ్చింది, గీత నుంచి వరసకు, పట్టాలకు, తీగలకు పాకింది. ఆ నారబట్టను లోపలివైపు వేసి కుట్టడం నుంచే మా అమ్మ లైనింగ్ కూడా. తలెత్తితే ఎదురుగా అవ్వ, చేతిలో బిగించిన తాడు. నాకు నవ్వాగలేదు.

ఆ తాడు ఒక్క రోజుకు ఇమ్మన్నాను. నాట్లు ఆగిపోతాయని కూలీలు గొణిగారు. అవ్వ ఆలోచించి, చివరికి చుట్టచుట్టి నా చేతికిచ్చింది.

"ఎవ్వల్ని దాటనియ్యకు బిడ్డా."

అది మా ఇంటి కట్టడి. తాడు పట్టాక ఎంత తొందరున్నా కొస చుట్టూ తిరిగి రావాల్సిందే. దాటితే ఆ సాలు ఎదగదని అవ్వ నమ్మకం.

భూపాలపల్లి తరగతిలో ఎక్కువమంది గని కార్మికుల పిల్లలు. ఇద్దరు చెరో కొస పట్టుకున్నారు, మిగతావాళ్లు పీలికకొకరు నిలబడ్డారు. నేను ఇంగ్లీషులో దారం కథ మొదలుపెట్టాను. లైన్ అనే మాట ఎక్కడెక్కడ విన్నారని అడిగితే క్వార్టర్ల లైను, నల్లా లైను, రేషన్ లైను అంటూ ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. అంతలో వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ లేచి, బోర్డు వైపు రావడానికి తాడు మీదుగా కాలెత్తారు.

"తాడు దాటొద్దు సార్. సుట్టు తిరిగి రాండ్రి."

నా నోట అచ్చం అవ్వ గొంతే. ఇంగ్లీషు క్లాసు మధ్యలో, ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషి మీద. నా పని అయిపోయింది, ఇక కుట్టుమిషనే అనుకున్నాను. భయం వేసింది, కానీ అన్న మాటను వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఆయన కాలు వెనక్కి పెట్టుకున్నారు. గోడ పక్కగా నడిచి, కొస పట్టుకున్న పిల్ల వెనక నుంచి తిరిగి బోర్డు దగ్గరికి వచ్చారు.

"మా అమ్మ గూడ గిట్లనే అంటుండె," అన్నారు.

పొద్దుటి నుంచి పుస్తకంలా మాట్లాడిన మనిషి గొంతులో మా యాస. పాఠం ఆపవద్దని చెయ్యి ఊపి అక్కడే నిలబడిపోయారు. సాయంత్రానికి ఉద్యోగం నాదైంది. తాడు ఒళ్లో పెట్టుకుని బస్సు కిటికీ పక్కన రాణిలా కూర్చుని వచ్చాను. ఆ రోజు జనగామ మీద కూడా కోపం లేదు.

మర్నాడు పొద్దున్నే చెలకలో అవ్వ పీలికలన్నీ తడిమి చూసుకుంది. ఎవరైనా దాటారా అని అడిగింది. పెద్దసారునే చుట్టూ తిప్పానని చెప్పాను. ఉద్యోగం సంగతి విన్నప్పుడు కూడా అంత మురిసిపోలేదు ఆమె. తాడు కొస నా చేతిలో పెట్టింది.

"ఇగ నువ్వు పట్టు."

పట్టాను. తెగలేదు. ఆ ఏడు పక్కనున్న కురవి రోడ్డు మీద వెళ్లేవాళ్లకు మా చెలకలో కనిపించిన లైన్లు నావి.