కెమెరా ముందు దప్పళం

“ఆ రోజుల్లో మా ఆవిడ కారం పోసి ఒక సీనియర్ నటి చేత కన్నీళ్ళు పెట్టించింది తెలుసా?” అని మొదలుపెడతారు మా ఆయన. ఇంటికి చుట్టాలొచ్చినా ఇదే కథ, ఎవరి పెళ్ళిలోనైనా పంక్తిలో కూర్చున్నా ఇదే కథ. అక్కణ్ణుంచి అది ఎటు పోతుందో నాకు కంఠతా వచ్చు. నాకు ఆకలేసిందట, ఆకలికి తట్టుకోలేక డైరెక్టరుతో దెబ్బలాడానట, షూటింగు ఆపించి మరీ వంట మొదలుపెట్టానట, చివరికి గిన్నెడు దప్పళం నేనే ఊడ్చేశానట. వినేవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నవ్వరా మరి, ఆయన చెప్పే తీరు అలాంటిది (ఇన్నేళ్ళు కెమెరా వెనక నిలబడ్డ మనిషి, ఏది ఫ్రేములో పెట్టాలో ఏది తప్పించాలో బాగా తెలుసు). మొన్న జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన ఒక హోటల్‌కి వెళ్ళాం. చేటంత ప్లేటు మధ్యలో కుంకుడుకాయంత ముద్దపప్పు పెట్టి, దాని చుట్టూ దప్పళాన్ని చుక్కలు చుక్కలుగా ముగ్గు వేసి తెచ్చారు. నేను ఇంకా నోరు తెరవకముందే (తినడానికి కాదు, తిట్టడానికి) ఆయన పక్క టేబుల్ వాళ్ళకి కూడా వినబడేలా కథ ఎత్తుకున్నారు. ఇక లాభం లేదు. నేనూ డిగ్రీ చదివినదాన్నే, నాకూ రాయడం వచ్చు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తీర్పు మీరే చెప్పండి.

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ అంటే, అందులోనూ ఆడపిల్ల అంటే, అందరూ కేక వేసేదీ ఎవరూ మాట విననిదీ అని అర్థం. మోతీనగర్‌లో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. “ఒక్క ఏడాది చూడు, కుదరకపోతే వచ్చేసి బి.ఎడ్. చెయ్యి” అని మా నాన్న గడువు పెట్టి పంపారు. ఆ ఏడాది చివరికొచ్చేసింది, నేను మాత్రం క్లాప్ బోర్డు దాటి ముందుకి పోలేదు. నాకు సినిమా పిచ్చి ఎంతో తిండి పిచ్చీ అంతే. సాయంత్రం పని అయ్యాక కృష్ణానగర్ సందులో బండి దగ్గర నిలబడి, మిరపకాయ బజ్జీ కోయించి, అందులో ఉల్లిపాయ కూరించుకుని, నిమ్మకాయ పిండించుకుని తినేదాన్ని. ఇంటికెళ్ళి పొద్దుట్నుంచీ ఏమీ తిననట్టు ముఖం పెట్టి పిన్ని వడ్డించింది మళ్ళీ తినేదాన్ని. ఆ బజ్జీ ఇవాళ్టికీ మానలేదు. కాకపోతే ఇప్పుడు కారు సందు చివర ఆపించి, డ్రైవర్‌ని పంపించి తెప్పించుకుని, అద్దాలు ఎక్కించుకుని తింటాను. డాక్టరుకి భయపడి కాదు, మా ఆయనకి ఇంకో కథ దొరుకుతుందని.

మా సినిమావాళ్ళ దగ్గర ఒక వింత ఉండేది. కెమెరా వెనక విందు, కెమెరా ముందు పస్తు. మధ్యాహ్నం బ్రేక్‌లో యూనిట్‌కి వడ్డించే భోజనం చూస్తే మగపెళ్ళివారు కూడా వంక పెట్టలేరు. నాటుకోడి పులుసు, రొయ్యల వేపుడు, గరిటె నిలబడే గడ్డపెరుగు. నిర్మాత పరువంతా ఆ వడ్డనలోనే ఉండేది. అదే, షాట్‌లో పెట్టే తిండి మాత్రం నోట్లో పెట్టుకునేట్టు ఉండేది కాదు. మెతుకు మెతుకూ కెమెరాకి కనబడాలని అన్నం సగమే ఉడికించేవారు. కూరల్లో ఉప్పుండదు, రంగుంటుంది. లైట్ల వేడికి ఎండిపోతుంది కాబట్టి టేక్ టేక్‌కీ పైన పచ్చినూనె చిలకరించి మెరిపించేవారు. నటులు నమిలినట్టు నటించి, కట్ అనగానే పక్కనున్న బకెట్లో ఉమ్మేసేవారు. ఇదేం పద్ధతని ఎవరూ అడిగేవారు కాదు. నేనడిగాను. “ఎట్లయినా మింగరు గద చెల్లే, ఉప్పెందుకు దండగ?” అన్నాడు మా ప్రొడక్షన్ మేనేజర్. అందరం ఆయన్ని మేనేజరన్న అనేవాళ్ళం. లైటు మోసేవాడు ఆకలితో కనబడితే తన ప్లేటు ఇచ్చేసే మనిషి, షాట్‌లో పప్పుకి మాత్రం పసుపు నీళ్ళు పోయించేవాడు.

ఆ రోజు జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద ఇల్లు షూటింగుకి తీసుకున్నాం, సాయంత్రం దాకే. సీను ఇది: తనకి ఇష్టం లేని కోడలు వండిన దప్పళం అత్తగారు తినాలి. ముద్ద నోట్లో పెట్టుకోగానే చనిపోయిన తల్లి చేతి వంట గుర్తొచ్చి, కళ్ళు చెమర్చి, కోడల్ని దగ్గరికి తీసుకోవాలి. సినిమా మలుపు తిరిగేది ఆ ముద్ద మీదే. అత్తగారిగా వేసినావిడ నాటకాల్లోంచి వచ్చిన పెద్ద నటి, యూనిట్ మొత్తానికీ పెద్దమ్మగారు. గ్లిజరిన్ ముట్టరు. “నీళ్ళు లోపల్నించి రావాలి గానీ సీసాలోంచి కాదు” అనేవారు. ఆ రోజు లోపల్నించి నీళ్ళు రాలేదు, వికారం వచ్చింది. ముద్ద పెట్టుకోవడం, ముఖం వికారంగా పెట్టడం, డైరెక్టరుగారు “కట్” అని అరవడం, పైన నూనె చిలకరించడం, మళ్ళీ ముద్ద. ఇలా భోజనాల ముందు మొదలైంది భోజనాలయ్యాక కూడా సాగింది. నేను మానిటర్ పక్కన నిలబడి, నాలో నేను అనుకుంటున్నాననుకుని పైకే అన్నాను: “ఈ పులుసు పోసిన కోడల్ని క్షమించడమేంటి, పోలీసులకి పట్టించాలి గానీ.” సరిగ్గా అప్పుడే సెట్టంతా నిశ్శబ్దమైంది.

“ఎవరది?” అన్నారు డైరెక్టరుగారు.

“నేనేనండి.”

“నీకేం తెలుసమ్మా?”

“తిండి గురించి తెలుసండి. గుమ్మడికాయ ముక్క పచ్చిగా ఉంది. చింతపండు జాడే లేదు. అమ్మ గుర్తుకు రావాలంటే ముందు నోరూరాలి కదండీ?”

“ఆవిడ నటి. నటించాలి.”

“నటించడానికి లైటు సాయం చేస్తోంది, మాటలు సాయం చేస్తున్నాయి. పులుసు ఒక్కటే పగబట్టాలా అండీ?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే నా కొంప ముంచింది. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. “సరే తల్లీ, నువ్వే వండు. కిటికీలో వెలుగు పోయేలోగా సీను వచ్చిందా సరేసరి. రాలేదా, రేపట్నుంచి ఇటు రానక్కర్లేదు. ఇంట్లో వండుకో, మీ వాళ్ళు సంతోషిస్తారు.” (ఆకలికి దెబ్బలాడానంటారే మా ఆయన, అప్పుడే కదా భోజనాలు అయ్యాయి! నేను పెరుగన్నం మారు వడ్డించుకుని మరీ లేచాను.) అందరి ముందూ తల ఊపేశాను గానీ, వంటగదిలోకి నడుస్తుంటే బి.ఎడ్. కాలేజీ గేటు కళ్ళ ముందు కనబడింది.

ఆ వంటగదిలో నల్లరాతి గట్టు మీద ముఖం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. కాఫీ మిషను ఉంది, గాజు గిన్నెలున్నాయి, పోపుల డబ్బా లేదు. అంత ఇంట్లో ఆవగింజ లేదు! మేనేజరన్న వెనకే వచ్చాడు. “ఏంది చెల్లే, సారుతోని గట్ల మాట్లాడ్తివి? నీకు నౌకరి మీద ఆశ లేదా?”

“ఆశ ఉంది కాబట్టే అన్నా. ముందు కూరగాయలు తెప్పించు.”

“సరే, ఫికర్ జెయ్యకు. ఏమేం గావాల్నో చెప్పు, బండి పంపిస్త. కానీ ఒక్క మాట, ఉప్పు మాత్రం నువ్వే ఏస్కో, నాకు అలవాటు లేదు” అని నవ్వి పోయాడు.

తీపి గుమ్మడి, ఆనపకాయ, మునక్కాడలు, చిలగడదుంప, బెండకాయలు అన్నీ వచ్చాయి. పోపు సామాను వాచ్‌మన్ ఇంట్లోంచి తెచ్చుకున్నాను. చిక్కగా చింతపండు పులుసు తీసి, ముక్కలన్నీ అందులో పడేసి, పచ్చిమిరపకాయలు నిలువునా చీల్చి వేసి, పచ్చివాసన పోయేదాకా మరగనిచ్చి, బెల్లం వేసి, చివర్లో కాస్త బియ్యప్పిండి జారుగా కలిపి పోశాను. పక్క పొయ్యి మీద ముద్దపప్పు. ఇంగువ పోపు చుయ్‌మనేసరికి ఆ ఇంటికి అదేదో కొత్త చుట్టం వచ్చినట్టయింది. లైట్‌మెన్ ఒక్కొక్కరే ఏదో వెతుక్కుంటున్నట్టు వంటగదిలోకి తొంగిచూడ్డం మొదలెట్టారు. డైటింగులో ఉన్న హీరోయిన్ మంచినీళ్ళ కోసం వచ్చి, గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మెడలో కొలతల టేపు వేలాడేసుకుని, ఫోకస్ చూసే బక్కపలచటి కుర్రాడొకడు వచ్చాడు.

“ఇంకెంతసేపని డైరెక్టర్ గారు అడగమన్నారండీ” అన్నాడు, కళ్ళు గిన్నె మీదే పెట్టి.

“పులుసు మరిగేదాకా అని చెప్పండి.”

“ఉప్పు చూసి పెట్టమంటారా?”

“అక్కర్లేదు. నాకూ నాలుక ఉంది.”

“అది ఇందాకే విన్నామండీ” అన్నాడు. (మేమిద్దరం మొదటిసారి మాట్లాడుకున్న మాటలివి. పెళ్ళయ్యాక కూడా సంభాషణ ఇంతకంటే ముందుకి పోలేదు.)

వెలుగు ఇంకా మిగిలే ఉంది. వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పైన పొగలు కక్కుతున్న దప్పళం తెచ్చి పెద్దమ్మగారి ముందు పెట్టాను. నూనె చిలకరించే మనిషి సీసా పట్టుకొస్తే నేను చూసిన చూపుకి వెనక్కి పోయాడు. “యాక్షన్” అన్నారు. పెద్దమ్మగారు ముద్ద కలిపారు. నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. అందరం బకెట్టు వైపు చూశాం. మింగారు! తరవాత చెప్పాల్సిన డైలాగ్ చెప్పలేదు. ఇంకో ముద్ద కలిపారు. మూడో ముద్దకి తల దించుకున్నారు. దించుకున్న తల ఎత్తేసరికి కళ్ళ నిండా నీళ్ళు. పక్కనున్న కోడలి వైపు చూడకుండానే గిన్నె తన వైపు లాక్కుని, తనే గరిటెతో ఇంకాస్త పోసుకున్నారు. ఆ పోసుకోవడం స్క్రిప్టులో లేదు, ఏ రచయితకీ తట్టదు. డైరెక్టరుగారు కట్ చెప్పడం మర్చిపోయారు, కెమెరాలో ఫిల్మ్ అయిపోయి అదే ఆగింది. కారం ఎక్కువై ఏడ్చారంటారు కదా మా ఆయన, ఒక్కటి అడుగుతాను. నోరు మండినావిడ మళ్ళీ వడ్డించుకుంటుందా?

షాట్ అయ్యాక చప్పట్లు కొట్టారని రాస్తే బాగుండును గానీ, ఎవరూ కొట్టలేదు. అందరి దృష్టీ వంటగదిలో మిగిలిన గిన్నె మీద ఉంది. ఇంకో పక్కనుంచి ముద్ద క్లోజప్ కావాలన్నారు డైరెక్టరుగారు. నేను లోపలికి వెళ్ళి చూద్దును కదా, గిన్నె అడుగు తళతళా మెరుస్తోంది! లైట్‌మెన్ గోడల వైపు తిరిగి మూతులు తుడుచుకుంటున్నారు. హీరోయిన్ మునక్కాడ పిప్పి ఎక్కడ పడెయ్యాలో తెలియక గుప్పిట్లో దాచుకుంది. “నేను జర్రంత ఉప్పు చూసిన, గంతే” అన్నాడు మేనేజరన్న, మోచేతి దాకా కారిన పులుసుతో. ఫోకస్ కుర్రాడి మీసానికి కరివేపాకు రెబ్బ అంటుకుని ఉంది. (ఈ కరివేపాకు సంగతి ఆయన కథలో ఎప్పుడైనా విన్నారా? వినరు. ఫ్రేములో పెట్టరు.) వండిన నాకు మిగిలింది గరిటెకి అంటుకున్నదే. క్లోజప్ లేకుండానే సీను నిలబడింది, నిలబడ్డమే కాదు, హాల్లో జనం కళ్ళు తుడుచుకుంటుంటే నేను కళ్ళారా చూశాను. ఆ సాయంత్రం డైరెక్టరుగారు వెళ్ళిపోతూ నా వైపు చూడకుండా, “పప్పేమైనా మిగిలిందా?” అని, చెప్పులు తొడుక్కుంటూ, “రేపు పొద్దున్నే వచ్చెయ్, ఆలస్యం చెయ్యకు” అన్నారు. మా నాన్న మళ్ళీ బి.ఎడ్. మాటెత్తలేదు. ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో ఎవరి సినిమాలోనైనా భోజనం సీనుందంటే ముందు నాకే ఫోను వస్తుంది. నేనుండే సెట్లో బకెట్టు ఉండదు. షాట్‌లో పెట్టిన ప్రతి ముద్దా మింగేలా ఉంటుంది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, అణకువ నాకు సరిపడదు.

నేను చెప్పినప్పుడు ఈ కథ ఇక్కడే ఆపేస్తాను. కానీ జరిగింది జరిగినట్టు రాస్తానని మాటిచ్చాను కాబట్టి మిగిలింది కూడా రాయాలి. పెద్దమ్మగారు కారెక్కుతూ నన్ను పిలిచారు. “ఏ ఊరమ్మాయ్ మీది?”

“తెనాలి దగ్గరండి.”

“అదీ, అనుకున్నాను. బాగా కుదిరింది తల్లీ. కాకపోతే మా అమ్మ ఇందులో ఇంకొకటి వేసేది. నువ్వు వెయ్యలేదు.”

నాకు చురుక్కుమంది. యూనిట్ యూనిట్టంతా గిన్నె నాకేస్తే, ఈవిడకి లోటు కనబడిందా! “ఏంటండీ అది?” అన్నాను, వీలైనంత మర్యాదగా.

“తిండి గురించి తెలుసన్నావుగా, నువ్వే పట్టుకో” అని నవ్వి అద్దం ఎక్కించేశారు. ఆ తరవాత ఆవిడతో పనిచెయ్యడం పడలేదు. కొన్నాళ్ళకి ఆవిడే లేరు.

అప్పట్నుంచీ మా ఇంట్లో దప్పళం పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి వేసి చూస్తూనే ఉన్నాను. నువ్వులపొడి వేశాను, ఆవపిండి వేశాను, కొబ్బరి కోరు, చింతచిగురు, చిటికెడు వాము, ఆఖరికి మామిడల్లం కూడా. నేను వేసిన ప్రతిదానికీ మా ఆయన “ఆఁ, ఇదే అయ్యుంటుంది” అంటారు, ఇంకో గరిటె పడుతుందని. కాదని నాకు తెలుస్తూనే ఉంటుంది. ఈమధ్య మాత్రం, పొయ్యి దగ్గర నిలబడితే, ఆ రోజు కారు పక్కన గరిటె పట్టుకుని ముక్కు ఆకాశానికెత్తి నిలబడ్డ ఆ పిల్లే కళ్ళ ముందుకొస్తోంది. ఎవరో ఒకరు దాన్ని కాస్త తగ్గించకపోతే ఏమయ్యేదో అని నాకే నవ్వొస్తోంది. అందుకే అడుగుతున్నాను, ఎక్కడున్నా చెప్పండి పెద్దమ్మగారూ. మీ అమ్మగారు నిజంగా ఇంకొకటి వేసేవారా, లేక నన్ను చూసి అప్పటికప్పుడు పుట్టించారా?