బండలెక్కే చేప కోసం ఖానాపూర్ దాకా

ఆదివారం ఉదయం ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో మెట్‌పల్లి బస్సు ఎక్కాను. నా సంచిలో చెల్లె కోసం బత్తాయిలు, ఒక చేప గురించిన ఎనిమిది పేజీల జిరాక్సు ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాడు చేప కోసం ప్రయాణం కట్టడంలో వింతేమీ లేదు. కానీ నేను పోతున్నది చేపను చూడటానికి కాదు, దాని విషయంలో తప్పు ఒప్పుకోవడానికి.

మా చెల్లె సుగుణ భర్త రాజేశం పదకొండేళ్లు మస్కట్‌లో పనిచేసి ఖానాపూర్‌కు తిరిగి వచ్చాడు. కిందటేడు ఒక పెళ్లి భోజనాల దగ్గర, మస్కట్ సముద్రం ఒడ్డున చేపలు నీళ్లలోంచి బయటికొచ్చి బండలెక్కుతాయనీ, ఒక బండ మీంచి ఇంకో బండకు దుంకుతాయనీ చెప్పాడు. నేను పక్క విస్తరి నుంచి "ఎక్కి చాయ్ తాగి పోతయా బావా?" అన్నాను. చేపల సంగతి లెక్చరర్‌కు తెలియదా అని పంక్తి పంక్తంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఊళ్లో అతనికి 'బండచేప' అని పేరు పడింది. బావ మళ్లీ మా గడప తొక్కలేదు, ఫోనూ ఎత్తలేదు.

మొన్న మా పాత కాలేజీ లైబ్రరీలో ఒక లావు పుస్తకం తిరగేస్తుంటే ఆ చేప కనిపించింది. పేరు బ్లెన్నీ. ఆ అధ్యాయంలోంచి పరీక్షలో ప్రశ్న రాదు కాబట్టి ముప్పై ఏళ్లూ దాన్ని దాటేసి పోయాను. మా లెక్చరర్ల లెక్క అంతే, పరీక్షలో రానిది ప్రపంచంలో లేనట్టే.

ఎనిమిదింటికి జగిత్యాలలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాను, చట్నీ బాగుంది. బస్సు నిండా ఆడవాళ్లే. ఉచిత ప్రయాణం వచ్చాక డబ్బులిచ్చి టికెట్ కొనే మగవాళ్లం వెనక సీట్లలో నలుగురం మిగిలాం. జిరాక్సు తీసి మళ్లీ చదివాను. బ్లెన్నీలు వందల రకాలు. లోకంలోని సముద్రాల్లో ఎక్కువగా ఒడ్డు పక్క రాళ్ల సందుల్లోనే కాపురం. కొద్ది రకాలు మాత్రం ఎక్కడో మంచినీళ్లలోకి చేరాయి. చాలావాటికి ఒంటి మీద పొలుసు ఉండదు, కళ్ల మీద చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి. తోక ముందు పెట్టి వెనక్కి బొరియలోకి దూరి, తల మాత్రం బయట పెట్టి వచ్చేపోయేవాళ్లను చూస్తాయి. గుడ్లకు కాపలా సాధారణంగా మగదే. ఒక రకమైతే ఒళ్లు శుభ్రం చేసే ఇంకో చేప వేషం వేసుకొని దగ్గరికెళ్లి, కండ కొరుక్కొని పారిపోతుందట. అలాంటివాళ్లు మాకూ తెలుసు. ఇంకొన్ని తడి బండలెక్కి పాచి గీక్కు తింటాయి, తోక పక్కకు మడిచి దుంకుతాయి. బావ చెప్పింది అక్షరాలా అదే.

పక్క సీటు ముసలమ్మ ఏం చదువుతున్నానని అడిగితే, చేప పని మీద ఖానాపూర్ పోతున్నానని చెప్పాను. "చాపల కోసం గంత దూరమెందుకు బిడ్డా? మెట్‌పల్లి అంగడిల దొరుకయా?" అని జాలిగా చూసింది.

తొమ్మిదిన్నరకు మెట్‌పల్లి. అక్కడ అరగంట ఆగితే ఖానాపూర్ బస్సు దొరికింది. కిటికీలోంచి పసుపు చేలు, తర్వాత గోదావరి వంతెన. పదకొండున్నరకు చెల్లె ఇంటి ముందు దిగాను. బావ ముఖం తిప్పుకొని, దూడను కట్టేసే పని ఉన్నట్టు పెరట్లోకి పోయాడు. నేను ఎందుకొస్తున్నానో ముందే ఫోన్లో విన్న చెల్లె, నీళ్ల చెంబు ఇస్తూ తన షరతు చెప్పింది. "పంక్తిల అన్నవు గద అన్నా, పంక్తిలనే చెప్పాలె." ఆనాడు నవ్వినవాళ్లలో ఖానాపూర్ వాళ్లందరినీ అది అప్పటికే భోజనానికి పిలిచి పెట్టింది.

విస్తళ్లు వేశాక లేచి నిలబడ్డాను. "రాజేశం బావ చెప్పింది నిజం. గా చాపలున్నయి, బండలెక్కుతయి. నేనే చదువలే" అన్నాను. ఎవరూ నవ్వలేదు. బావ పెరట్లోకి పోయి, జల్లెడ మూసిన నీళ్ల బేసిన్ తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో వేలెడంత మచ్చల చేప. ఊళ్లో తన మాట నిలబెట్టుకోవడానికి ఏడాదిగా గోదావరి బండల్లో వెతికి పట్టాడట. "గదే చాప. ఈడ సుత ఉన్నది. చెప్పు బావ" అన్నాడు.

అది మన వాగుల్లో ఇసుక మీద అతుక్కునే ఉసికె దొంతి అనే చేప. బ్లెన్నీకి అదేమీ కాదు. కాదంటే మళ్లీ అదే పంక్తిలో అదే మనిషిని చిన్నబుచ్చినట్టు, అవునంటే ఇంకో అబద్ధం. చెల్లె గరిటె పట్టుకొని నన్నే చూస్తోంది. చివరికి, జర వెల్లకిలా తిప్పి గొంతు కింద చూడమని మాత్రం అన్నాను.

బావ తిప్పి చూశాడు. రెండు రెక్కలూ కలిసి చిన్న గిన్నెలా ఉన్నాయి. తనే తల అడ్డంగా ఊపాడు. "ఇది గాదు బావ. ఆడ దానికి రెండు వేళ్ల లెక్క విడివిడిగ ఉండె. వాటి మీద ఆనుకొని కూసుండేది."

జిరాక్సులో ఐదో పేజీ తీసి, ఆ బొమ్మనూ, రెండు వేళ్ల లాంటి రెక్కలనూ పంక్తిలో ఒక్కొక్కరికీ చూపించాను. ఆ పేజీ బావ చూడలేదు. చూడకుండా అంత వివరంగా చెప్పాలంటే కళ్లారా చూసిన మనిషే అయ్యుండాలి. చెల్లె రెండోసారి పప్పు వడ్డించింది.

నాలుగింటి బస్సుకు బావ నన్ను దించడానికి వచ్చాడు. ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"రోజు పనిల తిండికి ఇడిసిన గంటల గా బండల మీద ఒక్కణ్ణే కూసుండేటోన్ని బావ. అవి బొక్కలకెల్లి తలకాయ బయటవెట్టి నా దిక్కే సూస్తుండె. అవి లేవని నువ్వు అన్నప్పుడు, పదకొండేండ్లు నన్ను ఎవ్వలు సూడనట్టే అయింది."

మెట్‌పల్లి దాకా నాకు ఏమీ చదవబుద్ధి కాలేదు. ఈ దారిన వచ్చేవాళ్లకు చెప్పేదేమిటంటే, ఖానాపూర్‌లో బ్లెన్నీ లేదు. నేనూ దాన్ని ఇప్పటిదాకా చూడలేదు. చూసిన మనిషి మాత్రం ఉన్నాడు, మా బావే. అడిగి కూర్చోండి, అతను చెప్తాడు.