తాత పడవకు చార్జరు

రెడ్‌హిల్‌లో నేను అద్దెకున్న గది ఒక ఇంటి పెరట్లో ఉండేది. కిటికీ తెరిస్తే ఎదురుగా పడవ. ట్రైలర్ మీద, నీలం టార్పాలిన్ కప్పుకుని, పెరడంతా అదే ఆక్రమించుకుని కూర్చునేది. వచ్చిన కొత్తలో దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. గదిలోకి వెలుతురన్నది రానిచ్చేది కాదు.

పడవ ఇంటాయనది. అరవై ఐదు దాటిన మనిషి, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పూర్వీకులు చెరుకు తోటల్లో కూలికని కోస్తా జిల్లాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. వాళ్ల తెలుగులో ఆయన దగ్గర మిగిలినవి వరసలు, తిట్లు, కూరల పేర్లు, దేవుడి ముందు చదువుకునే నాలుగు ముక్కలు. తక్కినదంతా ఇంగ్లీషే. నేను ఆయన్ని తాతా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయ్ అనేవాడు. నేను వచ్చే ముందటి ఏడాదే ఆయన భార్య పోయింది.

నల్లవాళ్లు తొలిసారి ఓటేసిన ఎన్నికలైన మరుసటి ఏడు నేను కరీంనగర్ నుంచి ఈ దేశానికొచ్చాను, దగ్గర్లోని ఫీనిక్స్‌లో ఒక ఫ్యాక్టరీకి ఎలక్ట్రికల్ ఇంజనీరుగా. మోటారు కాలిపోతే తప్ప అక్కడ నాతో ఎవరికీ పని పడేది కాదు. శుక్రవారం సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దాటానంటే సోమవారం పొద్దుటి దాకా నేను నోరు విప్పకపోయినా అడిగే దిక్కు లేదు.

శనివారం మధ్యాహ్నం మాత్రం తాత వచ్చేవాడు. ఆదివారం తెల్లారకముందే ఆయన చేపల కోసం సముద్రానికి పోవాలి, అంతకుముందు పడవలోని బ్యాటరీలు రెండూ చార్జి కావాలి. ఒకటి ఇంజను స్టార్టు చెయ్యడానికి, రెండోది రేడియోకీ లైట్లకీ. పెరట్లో పనిచేసే ప్లగ్గు నా గది వరండాలోనే ఉండేది. ఆయనొకటి, నేనొకటి మోసుకొచ్చి కారు చార్జరుకు తగిలించేవాళ్లం. నేను మూతలు తీసి, ఎర్ర రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంతో యాసిడ్ పైకి పీల్చి, చార్జి ఎంతుందో అంకె చదివేవాణ్ణి. డాక్టరు బీపీ చెబుతుంటే విన్నట్టు ఆయన శ్రద్ధగా వినేవాడు. తర్వాత టీ. చేపల డబ్బా బోర్లించుకుని పొద్దు గూకేదాకా అక్కడే కూర్చునేవాడు. ముప్ఫై ఏళ్లొచ్చేదాకా నేను సముద్రమే చూడలేదంటే పడీ పడీ నవ్వాడు. కెరటాల మధ్య ఇంజను ఆగిపోతే పడవ అడ్డం తిరిగి బోల్తా కొడుతుందని, అందుకే బ్యాటరీ విషయంలో తనకు చాదస్తమని చెప్పాడు. దాపరికం దేనికి, వారమంతా నేను ఎదురుచూసింది ఆ మూడు గంటల కోసమే.

అలాంటి ఒక శనివారం ఆయన ఉత్సాహంగా వచ్చాడు. మొన్నమొన్నటి దాకా తెల్లవాళ్లకు తప్ప ఎవరికీ గేటు తెరవని బోటు క్లబ్బు ఆయన్ని మెంబరుగా చేర్చుకుందట. అక్కడ పడవలు నిలిపే షెడ్డు ఉంది, ప్రతి పడవ పక్కన ఒక ప్లగ్గు ఉంది. వాళ్ల పడవల్లో చార్జరు లోపలే బిగించి ఉంటుంది, వైరు తగిలించి ఇంటికి పోవడమే.

"అబ్బాయ్, నువ్ ఇంజనీర్. ఏ చార్జర్ మంచిది, నువ్ చెప్పు. నువ్ చెప్తే అదే కొనేది."

అంటే పడవ క్లబ్బుకు వెళ్లిపోతుంది. పడవతోపాటు నా శనివారం కూడా. ఆ ముక్క నాకు అప్పుడే అర్థమైంది.

సరేనని కేటలాగులు తెప్పించి వంకలు వెతకడం మొదలుపెట్టాను. ఒకటి అమెరికాది, నూటపది వోల్టులకు తప్ప పనిచెయ్యదు. ఒకదానికి ఫ్యాను ఉంది, ఉప్పుగాలి పీల్చుకుని ఏడాదిలో తుప్పు పడుతుంది. ఒకటి ఒక్క బ్యాటరీకే. చెప్పినవన్నీ నిజాలే. నాలుగోదానికి మాత్రం వంక దొరకలేదు. రెండు బ్యాటరీలకు వేరువేరు తీగలు, నీళ్లు చొరబడని పెట్టె. పైగా బ్యాటరీ నిండగానే కరెంటు తగ్గించుకుని, నెల్లాళ్లు వదిలేసినా ఉడికించకుండా కాచుకుని ఉంటుంది. తాతకు ఆ నెల్లాళ్లే ముఖ్యం. ఇక్కడి మనవాళ్లు తమిళుల పొత్తులో, సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే పురటాసి నెలంతా నీచు ముట్టరు. భార్య పట్టింపును తాత వదల్లేదు, ఆ నెల పడవ కదిలేది కాదు.

ఆ నాలుగో కేటలాగును పరుపు కింద పెట్టేశాను. తాత అడిగినప్పుడల్లా "ఇంకా చూస్తున్నా" అన్నాను. అలా రెండు నెలలు గడిచాయి.

ఒక శనివారం తడి గడ్డి మీద ఆయన కాలు జారింది. బ్యాటరీ పక్కకు పడింది, ఆయన నడుం పట్టేసింది. "ఐష్, ఓల్డ్ మాన్ ఫినిష్" అని నవ్వాడే గానీ ఎంతసేపటికీ లేవలేకపోయాడు. నేను రెక్క పట్టి లేపాను. చొక్కా మీద యాసిడ్ పడిన చోటల్లా చిల్లులు. నా మీద నాకే అసహ్యం వేసింది. వెంటనే వెళ్లి పరుపు కింది కేటలాగు తెచ్చి ఇచ్చాను.

"ఇదే తాతా. కళ్లు మూసుకుని కొను."

ఇంతకాలం ఎందుకు పట్టిందని ఆయన అడగలేదు. "నువ్ ప్రాపర్‌గా చూసేది, ఐ నో" అన్నాడు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

చార్జరు నేనే బిగించాను. నాలుగు బోల్టులు, ఒక ఫ్యూజు, పడవ పక్కన మూతున్న ప్లగ్గు. ఎంత గొప్ప చార్జరైనా నీళ్లు పొయ్యదు, అప్పుడప్పుడూ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలని ఏదో గొణిగాను. ఆయన ఆకుపచ్చ లైటు చూసుకుంటూ మురిసిపోతున్నాడు, విన్నాడో లేదో తెలియదు. మర్నాడు పడవ వెళ్లిపోయింది. అది నిలబడిన చోట గడ్డి పాలిపోయి ఉంది. గదిలోకి ఎక్కడలేని వెలుతురూ వచ్చి పడింది. దాంతో ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

క్లబ్బుకు రమ్మని తాత నన్ను రెండుసార్లు పిలిచాడు. రెండుసార్లూ పనుందన్నాను. మా ఇంట్లో పిలుపంటే మూడుసార్లు. రెండుసార్లు కాదంటాం, మూడోసారి చెప్పులేసుకుంటాం. తాతేమో ఇంగ్లీషు మర్యాదల్లో పెరిగిన మనిషి, రాననగానే రాననే అనుకున్నాడు. మూడోసారి పిలవలేదని నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను.

పురటాసి వచ్చింది. రెండో శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తాత. ఒక చేతిలో డిస్టిల్డ్ వాటర్ సీసా, ఇంకో చేతిలో ఎర్ర బుడ్డి గాజు గొట్టం.

"అబ్బాయ్, బ్యాటరీకి నీళ్లు చూడాల? మనం పోయేది?"

అన్నాళ్ల ఉడుకుమోత్తనం ఒక్కసారి నోట్లోకి వచ్చింది. "అవసరం లేదు తాతా. అన్నీ చార్జరే చూసుకుంటది."

"సో గుడ్, ఆ చార్జర్?"

"సో గుడ్."

ఆయన గదిలోకి చూశాడు, నా ఒక్క కుర్చీని చూశాడు. తర్వాత తలాడించి, ఇక పనిలేదు కదా అన్నట్టు సీసా గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. బండి స్టార్టయిన చప్పుడు లేదు. వంటింటి తలుపు మూసుకున్న చప్పుడొక్కటే వినిపించింది. ఆ నెల ఆయనకూ పోవడానికి చోటు లేదన్న సంగతి నాకప్పుడు తట్టింది. అదే మూడో పిలుపు. ఆయన వచ్చింది నీళ్ల కోసం కాదు.

సీసా పట్టుకుని వంటింటి తలుపు దాకా వెళ్లాను. అబద్ధం చెప్పానని ఏ మొహంతో చెప్పడం? తలుపు కొట్టకుండానే వెనక్కొచ్చాను. కానీ అబద్ధాన్ని అలా వదలడానికి లేదు. నీళ్లింకిన బ్యాటరీ కెరటాల మధ్య చేతులెత్తేస్తే ప్రాణం పోతుంది. అందుకని చీటీ రాశాను. నీళ్లు నెలకోసారి చూడాలి, మూతలు ఇలా తియ్యాలి, ఇంతవరకే పొయ్యాలి, గొట్టంలో అంకె ఇంత ఉండాలి. పక్కన బొమ్మ కూడా గీశాను. చీటీ సీసాకు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఆయన గుమ్మంలో పెట్టాను.

మరుసటి శనివారం తాత ఒక్కడే వెళ్లి నీళ్లు పోసుకొచ్చాడు. దారిలో కనిపించి, అంకె సరిగ్గా వచ్చిందని బొటనవేలు ఎత్తి చూపించాడు. మళ్లీ ఎప్పుడూ నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదు మరి. ఇంజనీరును కదా, నాతో అవసరం పడకుండా అంతా వివరంగా రాసిచ్చాను.