బారెంట్ వేసిన ఆడమనిషి

మా ఆయన బారెంట్ రంగులతో మబ్బు బొమ్మ వేస్తే, చూసినవాళ్ళు వాన వస్తుందేమోనని టోపీ సర్దుకునేవారు. పొద్దున్నే రొట్టెముక్క జేబులో వేసుకుని ఇసుక దిబ్బల మీదికి పోతే, చీకటి పడితే గాని వచ్చేవాడు కాదు. వచ్చాక కూడా ఆ మబ్బుల గోలే. నాకు ఒళ్ళు మండేది. సవతి అయితే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని, మబ్బుల్ని ఏం చేయను?

ఆయనకు మనుషుల్ని వేయడం రాదు. మా హార్లెం ఊరి బొమ్మలవాళ్ళలో అది తప్పేం కాదు. ఆకాశం, నేల, చెట్లు ఒకరు వేసి, ఆవుల్నీ మనుషుల్నీ వేయడానికి ఆ చెక్క పలకను ఇంకొకరికి పంపుతారు. మా ఆయన పలకలు పక్కవీధి లీవెన్ దగ్గరికి పోయేవి. తీరా బొమ్మ పూర్తయ్యాక కొనేవాళ్ళంతా “అబ్బ, ఆ ఆవు చూడండి!” అనేవారు. తన మబ్బుల్ని ఒక్కరైనా మెచ్చుకుంటే చాలని మా ఆయన ఆశ. లీవెన్ పేరు వింటేనే కుళ్ళుకునేవాడు.

“ఆవు నిలబడ్డ నేల ఎవడు వేశాడట?” అని ఇంటికొచ్చి నా మీద ఎగిరేవాడు.

ఒకసారి బీరు కాచే వౌటర్ గారు పెద్ద బొమ్మ వేసిమ్మన్నాడు. లీవెన్ దగ్గర్నుంచి పలక తిరిగొచ్చింది. ఎండకు తెల్లబడాలని గడ్డిలో పరిచిన నారబట్టలు, పైన మబ్బులు, ముందర పాలబిందె మోస్తున్న ఆడమనిషి.

“ఈ మనిషిని ఎక్కడో చూశానే,” అన్నాడు మా ఆయన.

“రోజూ మీకు గంజి పోసేది ఆవిడే,” అన్నాను.

ఆయన మొహం కందగడ్డ అయిపోయింది. “వాడు నిన్నెప్పుడు చూశాడే, మాయ్‌కే?”

“వీధిలో నడుస్తాను కదండీ. కళ్ళున్నవాళ్ళు చూస్తారు.”

కత్తి తీసి, ఇంకా ఆరని ఆ ఆడమనిషి బొమ్మను గీకేశాడు. “నా పెళ్ళాన్ని వాడు వేసేదేంటి? ఇలా వెలుతురులో కూర్చో.”

పొయ్యి మీద చేపలు మాడుతున్నా కదల్లేదు నేను. ఆయన నన్ను అంతసేపు చూడడం అదే మొదలు. సిగ్గు, కోపం, సంతోషం అన్నీ ఒకేసారి వచ్చాయి. వేశాడు, గీకాడు, మళ్ళీ వేశాడు. చివరికి గౌను తొడిగిన దుంగ తేలింది.

“పోనీ, లీవెన్‌కే పంపండి.”

“పంపను. వాడు మళ్ళీ నిన్ను చూడాలా?”

లోపల్లోపల మురిసిపోయాను.

మర్నాడు వౌటర్ గారు వచ్చి పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. “బారెంట్, ఏం మబ్బులయ్యా! ఇలాంటివి ఎక్కడా చూడలేదు. ఆ ముందరి దుంగ ఒక్కటి తీసేయించు, పట్టుకుపోతాను.”

మా ఆయన కుంచె కింద పెట్టాడు.

“దుంగ కాదండీ, మా ఆవిడ,” అన్నాడు. వెళ్ళి, వౌటర్ గారు బయటికి నడవడానికి వీధి తలుపు తీసి పట్టుకున్నాడు.