సాపు చేసిన రందా బ్లేడు

మహబూబాబాద్‌లో కలప కోసే మిషన్ మా ఆయన కుడి చేతి బొటనవేలు తీసేసింది. ఆ తర్వాత నేను ఆయన్ని దాని దగ్గరికి పోనివ్వలేదు. వడ్రంగి పని మాత్రం ఆయన మానలేదు. కిటికీ చట్రాలకు గాడి, చిత్రిక పట్టే చేతి రందాతోనే తీసేవాడు. దాని బ్లేడు రందాలో ఓ పక్కకు వాలి కూర్చుంటుంది కాబట్టి, అంచు కూడా ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా ఉంటుంది. బొటనవేలు లేక దాన్ని సానరాయి మీద నిలకడగా పట్టలేకపోతున్నాడని, బ్లేడు బిగించి నూరే చిన్న చక్రం గైడు తెప్పించాను. చదువుకున్నదాన్ని కదా, నేనే నూరుతానన్నాను. బ్లేడును తిన్నగా బిగించి, అంచంతా రాయికి ఆనేదాకా అరగదీశాను.

"వాలు ఏదే?" అన్నాడు ఆయన.

"ఒక్క మూలనే ఆనుతుందని సాపు చేసిన."

"మంచిగ చేసినవ్. ఇగ దీనితోని కూరగాయలు కోసుకో."

నవ్వాడు గానీ నా వైపు చూడలేదు. మళ్లీ వాలు తీయడానికి రెండు రోజులు పడుతుంది. చట్రాలు మర్నాడే ఇవ్వాలి. పొద్దున్నే మిషన్ దగ్గరికి పోయాడు.

సాయంత్రందాకా మా పాపను చంక దించలేదు. ఆయన రాగానే చేతులు చూశాను. తొమ్మిది వేళ్లూ ఉన్నాయి.

"మిషన్ మీద జల్ది అయితది" అన్నాడు.

ఇప్పుడు రోజూ అక్కడికే పోతున్నాడు.