మా ఇంటి బూజుకు ఫస్ట్ ర్యాంకు

మా వనజాక్షి బూజుకు పెళ్లి చేసింది. నేను దగ్గరుండి అక్షింతలు వేశాను.

అక్షింతల మాట వెనక్కి తీసుకుంటాను. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టేవారు. డెబ్బై నాలుగేళ్లు వచ్చినా ఆ భయం పోలేదు. పెళ్లి మాత్రం సగం నిజం. రెండు బూజులను ఒకే గాజు పళ్లెంలో పక్కపక్కన పెట్టి, పుట్టే పిల్లలకు ఎవరి పోలిక వచ్చిందో కంప్యూటర్లో జన్యువుల అక్షరాలు చదివి తేల్చడం ఆమె ఉద్యోగం. మా ఆవిడకు మేనకోడలు, తిరువళ్లూరు కాలేజీలో బయాలజీ ప్రొఫెసర్. బూజు కనిపిస్తే అందరూ ముక్కు మూసుకుంటారు. ఆమె చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవర్ తీస్తుంది.

రోజూ తిరుత్తణి నుంచి రైల్లో వస్తుంది. ఒకసారి అరక్కోణం దాటాక, ఎదురు సీటాయన పాచిపోయిన బ్రెడ్డును కిటికీలోంచి విసరబోయాడు.

"పారేయొద్దు!" అని ఎగిరి చెయ్యి పట్టుకుంది. పెట్టెలో జనమంతా గొలుసు దొంగ అనుకుని లేచారు.

"ఎన్నాళ్లదండీ ఇది?"

"నాలుగు రోజులది తల్లీ."

"ఇంకో రెండు రోజులు ఉంచకూడదా!"

ఆయన తన స్టేషను రాకముందే మా కడంబత్తూరులో దిగి పారిపోయాడు. అదే తలుపులోంచి నేను ఎక్కాను. కాబట్టి ఇదంతా నేను కళ్లారా చూసినట్టే.

తిరుత్తణి కొండ మెట్ల మీద ఎవరో వదిలేసిన కొబ్బరిచిప్ప ముందు ఆమె భూతద్దం పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటే, వెనకాల నలుగురు ఆగి భక్తిగా దండం పెట్టారు. నాలుగోవాణ్ణి నేనే.

పైగా ఎవరింటి బూజుకు వాళ్ల పేరే పెడుతుంది. "వరదన్, ఊరగాయ, 2". "అలిమేలమ్మ, దోసెపిండి, 4". అలిమేలమ్మ నా భార్య.

"ఏమే, బూజుకు పెట్టేదానికి నా పేరే దొరికిందా నీకు?"

"గౌరవం అత్తా! లోకంలో ఎవురు వెతికినా నీ పేరు కనపడతాది."

"నా దోసెపిండి పులిసిపోయిందని లోకానికంతా చాటల్నా?"

పోయినేడు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. లివర్ ఇంకో దెబ్బకు తట్టుకోదని డాక్టర్ చెప్పాడు. సరిగ్గా ఆ తర్వాతి కోతకే వాన పడి, మా వేరుశనక్కాయలు మూడు మూటలు తడిసి పచ్చగా బూజు పట్టాయి. మా వైపు వేరుశనక్కాయ పారేసే ఇల్లు లేదు. కడుగుతాం, ఎండబెడతాం, వేయిస్తాం, చట్నీ నూరుతాం.

వనజాక్షి ఒక గింజ ఒలిచి చూసి మొహం మాడ్చుకుంది.

"మామా, ఇది తినొద్దు. లివర్‌కు విషం."

"వేయిస్తే బూజు సచ్చిపోతాదిలే."

"బూజు సస్తాది మామా. అది పెట్టిన విషం సావదు."

"మా తాత ఇట్లాంటివే తిని తొంభై ఏండ్లు బతికినాడు."

తాత యాభైకే పోయాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు కదా అని వాడుకున్నాను.

ఆమె ఆ గింజను కవర్లో వేసుకుని వెళ్లిపోయింది. వారం తర్వాత ఒక మూటతో వచ్చింది.

"మామా, రీసర్చికి బూజు కాయలు కావల్ల. నువ్వు ఒక పడి కొలిచి ఇస్తే, నేను ఒక పడి మంచి కాయలు ఇస్తాను."

కొలపాత్ర నా చేతిలో ఉంటే నేను ఊరుకుంటానా? మూడు మూటలూ ఆమెకే అంటగట్టాను. అవి అయిపోయాక, ఆమె ఇచ్చిన మంచి కాయల్నే కొన్ని తడిపి, గోనెపట్ట కప్పి, బూజు పెంచాను. పొలంలో ఏ పంటా అంత శ్రద్ధగా పండించలేదు. ప్రొఫెసర్‌ను బుట్టలో వేశానని అలిమేలమ్మ దగ్గర మీసం మెలేశాను.

"పాపం, అంత చదువుకునిండాది, నీ మాదిరి తెలివి లేదు" అంది అలిమేలమ్మ. అది పొగడ్తే అనుకున్నాను.

ఒకరోజు నా పేరు కంప్యూటర్లో చూసుకుందామని కాలేజీకి వెళ్లాను. వనజాక్షి క్లాసులో ఉంది. ల్యాబులో పనిచేసే గుణ చూపించాడు. తెరనిండా అక్షరాలు, మధ్యలో ఎర్రగా పెద్ద వరస.

"ఎర్రంగా ఉండేదంతా విషం చేసే జీన్లు తాతా. కొన్ని బూజులకు ఉండవు. మీ దానికి ఒకటి కూడా తక్కువ లేదు. మా దగ్గర ఉండేవాటిల్లో మీదే ఫస్టు."

కాన్వెంటులో పదేళ్లు చదివి ఎన్నడూ ఫస్టు రాలేదు. ఛాతీ ఉబ్బింది. అంతలోనే ఆ విషం నా చట్నీలోది అని గుర్తొచ్చి దిగిపోయింది.

"మరి మా మూటలు యాడ?"

"అన్ని మూటలు ఏం చేసుకుంటాం తాతా? మేడానికి ఒక గింజ చాలు. మిగిలిందంతా కాల్చేయమంటాది."

"ఆ మంచి కాయలో?"

"తిరుత్తణిలో మేడం వాళ్ల చేనివి. మీ ఊళ్లో పన్నెండు ఇండ్లకు ఇట్లే ఇస్తాది. తినొద్దని చెప్తే ఎవురూ వినలేదంట. దానికే రీసర్చి అని అడిగి తెచ్చుకుంటాండాది."

తెర మీద చివరి వరసలో నా పేరు ఉంది. చదివాను: "రామానుజం, వేరుశనక్కాయ, 7. నాలుగు రోజుల బూజు. మామ కావాలనే పెంచినాడు. అడగొద్దు."

సిస్టర్లు ఉంటే నన్ను అక్కడే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. వాళ్లు లేరు కాబట్టి కుర్చీలో కూర్చున్నాను.

పోయిన నెల రక్తపరీక్షలో నా లివర్ శుభ్రంగా ఉందని డాక్టర్ అన్నాడు. ఏం మందు వాడారని అడిగితే "బూజు" అన్నాను.

ఇదంతా రాసి నిన్న వనజాక్షికి చదివి వినిపించాను.

"అంతా అబద్ధం మామా" అంది తడుముకోకుండా. "నేను ఎవురి చెయ్యీ పట్టుకోలేదు. బూజుకు పెండ్లీ చెయ్యలేదు. మంచి కాయలు ఎవురికీ ఇయ్యలేదు. నాకు కావల్సింది బూజే."

"అట్లయితే మా గడప మీద ఉండే ఈ మూట ఎవురిది?"

వనజాక్షి చెప్పులు వేసుకుంటూ అటు చూడను కూడా చూడలేదు.

"ఏ మూట?"